ఎండని కుండ

అనగా అనగా, వేసవి వచ్చిందంటే ఎండ తప్ప మరేదీ పుష్కలంగా దొరకని ఊరొకటి ఉండేది. పేరు అల్లివలస. కొండ మీంచి ఒక సన్నని కాలువ ఆ ఊరికి దిగి వచ్చేది. ఎగువ వీధి వాళ్ళ మడులు తడిసి, నడిమి వీధి వాళ్ళ మడులు తడిసి, ఆ తరవాత మిగిలింది దిగువ వీధికి చేరేది. ఏం మిగులుతుంది, బురద.

ఆ దిగువ వీధిలోనే ఉండేది ఆదెమ్మ. భర్త పోయాడు. ఆమెకున్నదల్లా మరిది పైడయ్య, చారెడు నారుమడి, ఒక తరవాణి కుండ.

తరవాణి అంటే తెలుసుగా పిల్లలూ? అన్నం వార్చిన గంజిని కుండలో పోసి పులియబెడతారు. పొద్దున్నే అందులో చద్దన్నం కలుపుకుని, ఉల్లిపాయ నంజుకుని తిన్నవాణ్ణి ఏ ఎండా ఏమీ చెయ్యలేదు. రోజూ తీసుకోవడమే, రోజూ కొత్త గంజి పొయ్యడమే. అడుగున కాస్త పాత పులుపు మాత్రం ఎప్పుడూ ఉండాలి. అది పోతే కుండ పోయినట్టే. అప్పుడు పక్కింటికి వెళ్ళి గరిటెడు పులుపు అడిగి తెచ్చుకుంటారు. అడిగినవాళ్ళకు లేదనకూడదని ఆ ఊరి కట్టుబాటు.

ఒక ఏడు రోహిణి కార్తె ఎండలు మాడ్చేస్తున్నాయి. ఆ దేశపు రాజు వేటకు వచ్చి, దారి తప్పి, సొమ్మసిల్లి సరిగ్గా ఆదెమ్మ మడిగట్టు మీద పడ్డాడు. రాజా మంత్రా అని ఆదెమ్మ చూడలేదు. ముంతెడు తరవాణిలో ఉప్పేసి, నిమ్మాకు నలిపి తాగించింది. రాజు లేచి కూర్చున్నాడు. ఇంకో ముంత అడిగాడు. మూడోది అడగడానికి మొహమాటపడి, అది కూడా అడిగాడు.

"నగరులో పానకాలు తాగాను, పన్నీళ్ళు తాగాను. ప్రాణం లేచొచ్చింది మాత్రం దీనితోనే. ఏనాటిదమ్మా ఈ పులుపు?" అన్నాడు.

ఈలోగా ఊరంతా పోగైంది. "మా తాతల కంటే పాతది మహారాజా" అన్నారు పెద్దలు. "అయితే ఎవరింటి కుండ పాతది?" అనేసరికి మాదంటే మాదని అందరూ ఎగబడ్డారు.

రాజు నవ్వాడు. "రేపు చావడి దగ్గర నేనే తేలుస్తాను. తరతరాలుగా ఒక్కసారీ ఎండని కుండ ఎవరింట ఉందో, ఇకమీదట ఏటా కాలువ నీళ్ళు ముందు వాళ్ళ వీధికే" అన్నాడు.

ఆ సాయంత్రం పైడయ్య ఆదెమ్మ వెనకాలే తిరిగాడు. "వదినా, నారు ఎర్రబారిపోయింది. ఇంకో నాలుగు రోజులు నీళ్ళు రాకపోతే మన వీధి వీధంతా పస్తులే. మనది పాత కుండేనని ఒక్క మాట చెప్పు. కాదనడానికి కుండకేమన్నా నోరుందా?"

ఆదెమ్మ మడి దగ్గరికి వెళ్ళి వాడిన నారును చేత్తో నిమిరింది. ఏడుపొచ్చింది. అబద్ధం చెప్పేద్దామనే అనిపించింది, నిజం చెప్పొద్దూ.

తెల్లారింది. ముందుగా ఊరిపెద్ద భార్య రత్తాయమ్మ వచ్చింది. కుండకు పట్టుగుడ్డ చుట్టి, మనుషుల చేత మోయించుకుంటూ మరీ వచ్చింది. "ఏడు తరాల కుండ ప్రభూ. గదిలో పెట్టి తాళం వేసి కాపాడాం. ఒకరికి ఇచ్చింది లేదు, ఒకరి దగ్గర పుచ్చుకున్నది లేదు" అంది. మూత తియ్యగానే పక్కనున్న రాజుగారి గుర్రం మూతి అటు తిప్పేసుకుంది. లోపల బూజు తప్ప ఏమీ లేదు. వాడితే కదా ఉండడానికి.

తరవాత శెట్టిగారి భార్య పేరిందేవి వచ్చింది. ఆవిడ కుండకు బాగా మసి పట్టి ఉంది, అంచు కూడా చిట్లి ఉంది. "మా ముత్తవ్వ కాపురానికి తెచ్చుకున్న కుండ ప్రభూ" అంది. రాజు కుమ్మరి గురవయ్యను పిలిచి చూడమన్నాడు. గురవయ్య కుండను తిప్పి చూసి బుర్ర గోక్కున్నాడు.

"ఏమనుకోకండమ్మా. ఇది మొన్న మాఘంలో నేనిచ్చిందే కదా. పచ్చి మట్టి మీద మా మనవడు వేలు నొక్కేశాడు, అయినా పర్లేదని మీరే పట్టుకెళ్ళారు" అని అడుగున ఉన్న చిట్టి వేలి గుంట చూపించాడు. జనం నవ్వారు. పేరిందేవి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

చివరికి ఆదెమ్మ వంతు వచ్చింది. పైడయ్య కళ్ళతోనే బతిమాలుతున్నాడు.

"నాది పాత కుండ కాదు బాబూ" అంది ఆదెమ్మ. "మూడుసార్లు పోయింది. ఒకసారి దూడ తన్నింది, గురవయ్య మావ ఇంటి నుంచి పులుపు తెచ్చుకున్నాను. ఒకసారి వానకు గోడ కూలింది, ఎగువ వీధి సూరమ్మత్త ఇచ్చింది. మా ఇంటాయన పోయినప్పుడు గంజి పొయ్యడమే మర్చిపోయాను. అప్పుడు నేను అడక్కుండానే ఈ పేరిందేవమ్మే గరిటెడు పట్టుకొచ్చింది. అంతా అరువు పులుపే. నాదని ఎలా చెప్పుకోను?"

పైడయ్య తల పట్టుకుని కూలబడ్డాడు.

రాజు మాత్రం ముందుకు వంగాడు. "గురవయ్యా, మరి నీకెక్కడిది?"

"మా కుండ పగిలినప్పుడు ఈ ఆదెమ్మ అత్తగారే ఇచ్చింది ప్రభూ."

"మాకు శెట్టిగారింటి నుంచి వచ్చింది" అంది జనంలోంచి సూరమ్మ.

పేరిందేవి కొంగు దించింది. "అబద్ధమాడాను ప్రభూ, కుండ కొత్తదే. నేనే మసి పూసి తెచ్చాను. పులుపు కూడా గురవయ్య ఇంటిదే" అని ఒప్పేసుకుంది.

రాజు ఆదెమ్మ కుండలోంచి ముంతెడు తాగి నెమ్మదిగా అన్నాడు. "ఏ కుండా నిలవలేదు, పులుపు మాత్రం ఏనాడూ ఎండలేదు. ఎవరి కుండ ఖాళీ అయితే వాళ్ళింటికి నడిచి వెళ్ళింది కాబట్టి. ఈ తల్లి నిజం చెప్పకపోతే నాకీ సంగతి తెలిసేదే కాదు. ఎండని కుండ ఈ ఊరంతటిదీను. ఇకమీదట నీళ్ళు కూడా అలాగే నడవాలి. ఏ మడి ముందు ఎండితే కాలువ ముందు దానికే."

ఆ పూటే కాలువ దిగువ వీధికి మళ్ళింది. పైడయ్య తడి మడిలో దిగి నిలబడి, వదిన వంక చూడలేక చూసి నవ్వాడు.

ఆదెమ్మ ఇంటికి పోతుంటే చావడి మెట్ల మీద రత్తాయమ్మ ఒంటరిగా, ఖాళీ కుండ ఒళ్ళో పెట్టుకుని కనిపించింది. అడగడానికి ఆవిడకు నోరు రాలేదు.

"కడిగి పట్టండమ్మా" అంది ఆదెమ్మ. గరిటెడు పులుపు పోసి తన దారిన తాను పోయింది.

లేనిది లేదని చెప్పి, ఉన్నది పంచుకునే చోట ఏ కుండా ఎండిపోదు.