నీలికాగు ఎందుకు బతికింది

శ్రీకాకుళం వైపు నూలుకు నీలిరంగు అద్దే మార్కండయ్యగారికి ఒక అలవాటుండేది. "నాకు తెలుసు" అనే మాట ఆయన నోట వచ్చేది కాదు. "ఇంతవరకూ ఇంతే" అనేవారు. శిష్యురాలు భూలక్ష్మి ఒకనాడు విసిగిపోయి అడిగేసింది: "మరెప్పుడండీ, తెలిసిందనుకోడం?" ఆ వారం జరిగినదాన్నే ఆయన జవాబనుకోవాలి.

అప్పటికి భూలక్ష్మి కలిపిన కాగులు రెండు చచ్చిపోయాయి. కాగులో నీలిమందు సరిగా పులియక, ముంచిన నూలు బూడిదరంగులో పైకొస్తే కాగు చచ్చిందంటారు అక్కడివాళ్లు. ఆమెకు హస్తవాసి లేదని రంగులశాల అంతా తీర్మానించేసింది. మూడోదీ పోతే ఇక కాగు ముట్టనివ్వరు, మళ్లీ కండెలు చుట్టుకోవలసిందే. ముప్పై అయిదేళ్లు దాటాక పని నేర్చుకోవడానికి వచ్చిన మనిషికి అది చిన్న అవమానం కాదు.

అందుకని మూడో కాగుకు ఆమె దేన్నీ వదల్లేదు. బావినీళ్లు మాని కాలవనీళ్లు పోసింది. సున్నం కొత్తది తెచ్చింది. నీలిమందు పులియడానికి వేసే తగిరిస గింజలు ఇంకో గంట ఉడకబెట్టింది. కాగును తూర్పుమూలకు జరిపించి, దిష్టికి గుమ్మడికాయ కొట్టించి, నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది. అదీ చాలదన్నట్టు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగోనాడు కాగు మీద రాగిరంగు నురగ తేలింది. ముంచిన నూలు పచ్చగా పైకొచ్చి, గాలి తగిలి చూస్తుండగానే నీలమైంది. భూలక్ష్మికి ఏడుపొచ్చినంత పనయింది.

"అంతా కాలవనీటి మహిమేనర్రా" అన్నాడు నీళ్లు మోసే సన్యాసి. గుమ్మడికాయ కొట్టిన అప్పలస్వామి, వేరే చెప్పాలా అన్నట్టు మీసం సవరించుకున్నాడు. కాగు చచ్చినప్పుడు ఆమె చేతిని తిట్టినవాళ్లలో ఒక్కరైనా, బతికినప్పుడు ఆ చేతి ఊసెత్తలేదు. తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది గాని, ఆమెకు ఆనాడు నవ్వు రాలేదు.

"తెలిసిందేటమ్మా?" అన్నారు గురువు.

భూలక్ష్మి నీళ్లే అనుకుంది. కాదు, సున్నమేమో. గింజలేమో. ఒకవేళ తాను నోరు మూసుకున్నందుకేనా? ఆలోచించినకొద్దీ చిక్కు పెరిగిందే కాని విడలేదు.

"తెల్దండీ. గెలిసేను గానీ, దేంతో గెలిసేనో తెల్దు."

"రేపు ఇంకో కాగెట్టు. ఇయన్నీ ఇలాగే సెయ్యి. ఒక్కటి మాత్రం మానీ."

ఆమె కాలవ వైపు చూసింది, గుమ్మానికి కట్టిన నిమ్మకాయల వైపు చూసింది. నిన్నటిదాకా ఏవి చేర్చాలో అని భయం, ఇప్పుడు దేన్ని తియ్యాలో అని భయం.

"ఏటి మానమంటారండీ? అది మానినందుకే కాగు సచ్చిపోతే? మళ్లీ అందరూ నా సేతినే అంటారు."

మార్కండయ్యగారు తడినూలు దులిపి దండెం మీద వేస్తూ అన్నారు:

"సచ్చినా ఒకటి తెలుస్తాది, బతికినా ఒకటి తెలుస్తాది. ఇయాల బతికింది గదా, నీకేటి తెలిసింది?"