పెళ్ళిజీపులో బొంగురు పాట

మా ఊళ్ళో సింహాద్రి ఇంట్లో నలుగురూ తెలివైనవాళ్ళే. ఆ మాట వాళ్ళే చెప్పుకుంటారు, ఇంకెవరికీ ఆ శ్రమ ఇవ్వరు.

చిన్నకొడుకు పైడయ్యకి పక్క ఊళ్ళో పెళ్ళి కుదిరింది. "మా జీపులో పాట విని మీరు ఎదురు రావాలి, అంత గొప్పగా వస్తాం" అని సింహాద్రి వియ్యంకుడికి మాటిచ్చాడు. తీరా పెళ్ళినాడు పొద్దున్నే ఫోన్‌లో పాట పెడితే, జీపులో బాక్సుల్లోంచి బొంగురుగా, ముక్కలు ముక్కలుగా వచ్చింది. పెద్దకొడుకు గవరయ్య ఫోన్లు బాగుచేసే వాసు దగ్గరికి పరిగెత్తాడు.

"బ్లూటూత్ వద్దు, వైరుతో కలుపు," అన్నాడు వాసు. "పాటలు ఇంటి దగ్గరే దించేసుకో, దారిలో తెగవు. అద్దాలు మూసేస్తే బయటి రొద వినపడదు."

ఇంకేముంది? గవరయ్య కంచెకి చుట్టే ఇనుప వైరు తెచ్చి ఫోన్‌ని స్టీరింగ్ పక్కన బిగించి కట్టేశాడు.

"మరి పాటలు దించాలిగా, అవెక్కడున్నాయిరా?" అంది తల్లి నీలమ్మ.

"బాక్సుల్లోంచే కదే వస్తాయి," అన్నాడు సింహాద్రి.

అంతే, బాక్సులు రెండూ దింపి అరుగు మీద పెట్టారు. ఆ డొక్కు జీపుకి ఉన్నది ముందు అద్దం ఒక్కటే. దాన్ని దుప్పటితో మూసేశారు.

"నాన్నా, దారి కనపడ్డం లేదు," అన్నాడు గవరయ్య.

"అద్దాలు మూసింది పాట వినడానికిరా, దారి చూడ్డానికి కాదు. పోనీ."

పోనిచ్చాడు. జీపు తిన్నగా వెళ్ళి ఆడపెళ్ళివారి ఊరి మొదట్లో గడ్డివాములో దూరింది. ఫోన్‌లో సన్నగా మోగుతున్న పాట కూడా ఆగిపోయింది. నలుగురూ గడ్డి దులుపుకుంటూ దిగారు. పైడయ్యకి ఏడుపొచ్చింది.

"పాట లేకపోతే మామగారు ఎదురు రాడు. ఇంక నా పెళ్ళి అవదు."

"ఫోన్ కంపెనీవాళ్ళనే అడుగుదాం," అని సింహాద్రి నంబరు నొక్కి, వంగి, కట్టేసిన ఫోన్‌కి చెవి ఆనించాడు.

"దయచేసి లైన్‌లో ఉండండి," అంది లోపల్నుంచి ఓ ఆడగొంతు.

అంతే, నలుగురూ రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ముందు బాసికంతో పైడయ్య. దారినపోయేవాళ్ళు ఏదో పంచుతున్నారనుకుని వెనక చేరారు. లైను చెరువుగట్టు దాకా సాగింది. వెతుక్కుంటూ వచ్చిన వియ్యంకుడు కూడా, అడగడం మర్యాద కాదని, వచ్చి నిలబడ్డాడు.

చివరికి పంతులుగారు రొప్పుతూ వచ్చారు. "ముహూర్తం దాటిపోతోంది, పెళ్ళికొడుకుని పంపండి నాయనా."

సింహాద్రి చెరువుగట్టు వైపు చెయ్యి చూపించాడు.

"వెనక్కెళ్ళి నిలబడండి పంతులుగారూ. ఇంతమందిని కాదని మిమ్మల్ని ముందుకి రానిస్తే ఏం బావుంటుంది?"