స్వామివారి పేరు తీసేసిన రోజు

ఆ రోజు సౌమిత్రి కాళ్ళు నేలమీద నిలవడం లేదు.

కొండమీది ఆశ్రమంలో బడి, వైద్యశాల, గ్రంథాలయం అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద నడిచేవి. ఎవరు ఏ కంప్యూటర్ వాడొచ్చో, ఏ తలుపు ఎవరికి తెరుచుకోవాలో డైరెక్టరీ అనే పేర్ల పట్టిక చూసుకునేది. అందులో పేర్లు ఎక్కించడం, మార్చడం చేత్తో చేసే చాకిరీ. సౌమిత్రి దానికో ఇంటర్‌ఫేస్ రాశాడు. ఇక బడి ప్రోగ్రామైనా, వైద్యశాల ప్రోగ్రామైనా ఒక్క ఆదేశం పంపితే చాలు, డైరెక్టరీలో పని జరిగిపోతుంది. గొప్ప పనే, కాదనలేం. డైరెక్టరీ బాధ్యత ఇక తనకే అప్పగిస్తారని అతని ఆశ.

"స్వామీ, దీంతో ఎవరినైనా క్షణంలో తీసేయగలను, క్షణంలో తిరిగి పెట్టగలను," అన్నాడు అందరి ముందూ.

ఆశ్రమం పెద్ద అచలానంద స్వామి చదువుతున్న పుస్తకం మూశారు. "అయితే నన్ను తీసి పెట్టు, నాయనా."

సౌమిత్రి నవ్వుతూ తీసేశాడు. నవ్వుతూనే అదే పేరు, ఒక్క అక్షరం తేడా లేకుండా, మళ్ళీ పెట్టాడు. తోటి శిష్యులు చప్పట్లు కొట్టారు.

స్వామి లేచి గ్రంథాలయం దగ్గరికి వెళ్ళి, తలుపు పక్కనున్న తెరమీద తన పేరు కొట్టారు. తెర నమస్కారం చెప్పింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

వెనకే పరుగెత్తుకొచ్చిన సౌమిత్రికి అప్పుడు వెలిగింది. డైరెక్టరీ మనిషిని పేరుతో గుర్తుపెట్టుకోదు. చేర్చిన నాడే లోపల మరెవరికీ రాని ఒక గుర్తు వేసుకుంటుంది. తలుపులు ఎరిగింది ఆ గుర్తునే, అది పేరుతో పాటే పోయింది. ఇప్పుడున్నది అదే పేరున్న మరో కొత్త మనిషి. సిగ్గుతో అతని ముఖం కందిపోయింది.

"పేరు నాదేగా, నాయనా?" అని స్వామి గడప మీదే కూర్చుని పుస్తకం తెరిచారు.

సౌమిత్రి ప్రతి తలుపుకూ, ప్రతి కంప్యూటర్‌కూ ఆయన్ని కొత్తగా పరిచయం చేస్తూ సాయంత్రం దాకా తిరిగాడు. బాధ్యత మాట ఎత్తే ధైర్యం మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళకు పట్నం నుంచి ఇంజనీర్లు ఆ ఇంటర్‌ఫేస్ చూడ్డానికి వచ్చారు.

"అంతా బావుంది గానీ, తీసేసే ఆదేశం కనపడదేం? చేతకాలేదా?" అన్నాడు వాళ్ళలో ఒకాయన ఎకసెక్కంగా.

"మా దగ్గర ఎవరినీ తీసెయ్యమండీ. వెళ్ళినవాళ్ళ పేరు, గుర్తు చెరపకుండా, నిద్రపుచ్చుతాం. వస్తే లేపుతాం," అన్నాడు సౌమిత్రి. ఆ ఎకసెక్కానికి అతను తొణకలేదు.

గుమ్మంలో నిలబడి వింటున్న స్వామి లోపలికి వచ్చి, డైరెక్టరీ గది తాళంచెవి అతని చేతిలో పెట్టారు.

"ఇప్పుడు గర్వపడు, నాయనా."