అరవై రెండు తోడులు

నాగూర్‌బీ నాదస్వరం పట్టి తొమ్మిదేళ్ళయింది. ఇన్నాళ్ళూ గురువు దరియా సాహెబ్ పక్కన కూర్చుని వాయించడమే గాని, సొంతంగా ఒక్క కచేరీ చేసిన పాపాన పోలేదు. ఇన్నాళ్ళకి ఒక గుడివాళ్ళ కన్ను ఆమె మీద పడింది. "తోడి రాగం వాయించి, ఇవాళ సాయంత్రం నాలుగింటిలోపు వీడియో పంపమ్మా. బావుంటే నవరాత్రులకి నువ్వే, లేదంటే ఇంకొకరు" అన్నారు ధర్మకర్త భుజంగరావు గారు.

మూడుంపావుకి ఆమె ఏడుపు మొహంతో గురువుగారి వాకిట్లో నిలబడింది.

"నెట్ అయిపోయింది గురువుగారూ! వీడియో తీసినా పోదు."

"అప్పుడేనా?"

"పెద్దపెద్దవాళ్ళు తోడి ఎలా వాయించారో చూద్దామని వీడియోలు డౌన్‌లోడ్ పెట్టా. ఇవాళ్టి డేటా అంతా వాటికే పోయింది. మా ఆయనతో ఎక్స్‌ట్రా ప్యాక్ వేయించా. నెట్ రాగానే, ఆగిపోయినవన్నీ వాటంతటవే మొదలై దాన్నీ మింగేశాయి."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. మళ్ళీ వేయించమని భర్తని అడగడానికి పాపం ఆమెకి మొహం చెల్లలేదు.

"మొత్తం ఎన్ని దించావు?"

"అరవై రెండు."

"చివరిదాకా విన్నవి?"

"ఒక్కటీ లేదు" అంది నాగూర్‌బీ. ఒకటి సగం వినేసరికి దాని కింద ఇంకోటి కనిపించేది. అది ఇంకా బావుంటుందేమోనని దాన్నీ దించేది.

"ఫోన్లోకి దిగితే సరా తల్లీ? తలకెక్కొద్దూ?" అన్నారు సాహెబ్. కసురుకోలేదు. చొక్కా జేబులోంచి తన బటన్ల ఫోన్ తీశారు. "దీనికి నెట్‌తో పనిలేదు. ఆయన నంబరు చెప్పు."

భుజంగరావు గారు ఫోన్ ఎత్తారు.

"అయ్యా, మా అమ్మాయి తోడి వాయిస్తుంది. బొమ్మ రాదు, చెవి ఒగ్గండి" అన్నారు సాహెబ్.

నాదస్వరం దగ్గర ఫోన్ పెడితే ఆ పెద్దమనిషి చెవులు చిల్లులు పడతాయని, సాహెబ్ వాకిలి దాటి వీధి అవతలి గోడ దాకా వెళ్ళి నిలబడ్డారు.

"ఎవరి బాణీలో వాయించను?" అని ఇక్కణ్ణించి అరిచింది నాగూర్‌బీ.

ఆయన కానిమ్మని చెయ్యి ఊపారు.

నాదస్వరం చేతిలోకి తీసుకుని, ఊదే పీకని నాలుకతో తడి చేసుకుంది. విన్నవన్నీ బుర్రలో కలగాపులగమై ఒక్కటీ ముందుకు రాలేదు. భయమేసింది. కళ్ళు మూసుకుని ఊదింది. మొదటి ఊపిరి వణికింది. తోడికి ప్రాణమైన గాంధార స్వరం దగ్గరికొచ్చేసరికి ఎందుకో అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు. అక్కడే తిరిగింది, అక్కడే ఆగింది. నాలుగు గంటల సంగతే మర్చిపోయింది.

వాయించడం ఆపి కళ్ళు తెరిచేసరికి సాహెబ్ ఎదురుగా ఉన్నారు. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది.

"నవరాత్రులకి రమ్మంటున్నారు. ఇంకో మాట కూడా అడుగుతున్నారు. గాంధారం దగ్గర అంతసేపు నిలబడ్డావే, అది ఎవరి బాణీ అని."

"మీదే కదా గురువుగారూ?"

"నేను నేర్పలేదు" అన్నారాయన. ఫోన్ ఆమె చేతిలో పెట్టారు. "నువ్వే చెప్పు."