ఏడో దిమ్మె

ఆ సాయంత్రం ఓబులేసు పదిమందిలో తలెత్తుకోలేకపోయాడు. అదీ ఎవరి వల్లంటే, ఒక మేక వల్ల.

గుర్రాలబండ తిరునాళ్లలో ఏటా జోడీల పోటీ పెడతారు. జోడీ అంటే ఒక మనిషి, ఒక ప్రాణి. చిలుకను పలికించేవాళ్లు, పొట్టేలు చేత చిందేయించేవాళ్లు, గుర్రాన్ని మోకాళ్ల మీద వంచేవాళ్లు, అందరూ వస్తారు. ఎత్తయిన అరుగు మీద ఆట, ఎదురుగా కుర్చీల్లో మార్కులు వేసే పెద్దలు, వాళ్ల వెనక ఇసకేస్తే రాలనంత జనం. మొదటిరోజు నెగ్గిన మూడు జోడీలకే రెండోరోజు ఆట.

ఓబులేసు జోడీ చుక్క. ఒళ్లంతా నలుపు, నుదుటి మీద మాత్రం తెల్లమచ్చ. దాని ఆటకు ఏడు కొయ్య దిమ్మెలు కావాలి. ఒక్కోటి జానెడు ఎత్తు, పైన చూస్తే అరచెయ్యంత చోటు. ఓబులేసు ఒకదాని మీద ఒకటి పెడుతుంటే, చుక్క నాలుగు కాళ్లూ దగ్గరికి ముడుచుకుని ఎక్కుతూ పోతుంది. ఏడో దిమ్మె మీద నిలబడి మెడ ఎత్తిందంటే ఈలలే ఈలలు.

ఆ రోజు ఆరు దిమ్మెలెక్కింది. ఏడోది ఎక్కలేదు.

ఓబులేసు చిటికె వేశాడు. మళ్లీ వేశాడు. చుక్క కిందికి చూసింది, అటూ ఇటూ చూసింది, 'మే' అని ఒక్క అరుపు అరిచి కిందికి దూకేసింది. జనం గొల్లున నవ్వారు. ఎలాగో మూడో జోడీగా మర్నాటికి మిగిలాడు గానీ, ఆ నవ్వులు మాత్రం ఓబులేసును బస దాకా తరుముకొచ్చాయి.

బసలో అతని గురువు ఫకీరప్ప రొట్టె తుంచుకుని తింటున్నాడు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, మాట పొదుపు. పదకొండేళ్లుగా ఓబులేసు ఆయన వెంటే తిరుగుతున్నాడు. ఆ పదకొండేళ్లలో ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఆయన నోట 'బాగుంది' అన్న మాట వినలేదు. ఈ పోటీ నెగ్గితేనైనా అంటాడని ఓబులేసు ఆశ.

"ఈ మేక పనైపోయింది సామీ!" అన్నాడు తాడు విసిరికొట్టి. "మేపింది నేను, నేర్పింది నేను. పదిమందిలో నా పరువు తీసేసింది. సంతలో సుంకన్నకు మాటిచ్చేసినా. రేపు ఆట కాగానే తోలుకుపోతాడు. వేరే మేకపిల్లను తెచ్చుకుంటా."

సుంకన్న చేతికిపోయిన మేక మళ్లీ పచ్చిక తినదని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఫకీరప్ప రొట్టె పక్కన పెట్టి, చుక్క చెవి వెనక గోకాడు.

"ఏడో దిమ్మె పెట్టినాక నువ్వు యాడున్నావప్పా?"

"యాడుంటా? పెద్దలకు ఎదురుగా నిలబడి దణ్ణం పెడతా ఉంటి. ఆట ముగిసేటప్పుడు వాళ్లకు వీపు చూపితే మార్కులు కోసేస్తారు కదా. అదీగాక, చెయ్యి వెయ్యకుండా ఉత్త చిటికెతో ఎక్కించినానంటే ఆ గొప్పే వేరు సామీ!"

"ఊఁ" అన్నాడు ఫకీరప్ప. మిగిలిన రొట్టె చుక్కకు పెట్టి, దుప్పటి కప్పుకున్నాడు.

తెల్లారగానే ఆయన దిమ్మెల మూట భుజాన వేసుకుని అరుగు దగ్గరికి నడిచాడు. వెనక ఓబులేసు, వాడి వెనక చుక్క. అక్కడ ఇంకా ఎవరూ లేరు. ఖాళీ కుర్చీలు మంచుకు తడిసి ఉన్నాయి.

ఫకీరప్ప రెండు దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. కింద చతికిలబడి, అడుగు దిమ్మె మీద ఎడమ చెయ్యి ఆనించాడు.

"ఎక్కు."

"నేనా సామీ?"

"నువ్వే."

ఓబులేసు నవ్వుకుంటూ ఎక్కి, ఒంటికాలి మీద నిలబడ్డాడు. దిమ్మె కదల్లేదు. ఫరవాలేదే అనుకున్నాడు. రెండు చేతులూ చాచి, ఖాళీ కుర్చీల వైపు గర్వంగా చూశాడు కూడా.

అప్పుడు ఫకీరప్ప చెయ్యి తీసేసి లేచాడు. కుర్చీల వైపు తిరిగి చేతులు జోడించాడు. "అయ్యలారా, అమ్మలారా! చూడండి మావాడి ఆట!" అంటూ ఒక్కో ఖాళీ కుర్చీకీ పేరుపేరునా దణ్ణం పెట్టసాగాడు.

ఓబులేసు మడమ వణికింది. వణుకు మోకాలికి పాకింది. "సామీ! చెయ్యి! చెయ్యి తీస్తివేంది సామీ!"

"ఉండప్పా, పెద్దలకు దణ్ణం పెట్టాల కదా" అన్నాడు ఫకీరప్ప వెనక్కి చూడకుండానే.

దబ్బున పడ్డాడు ఓబులేసు. మోచెయ్యి గీరుకుపోయింది. చుక్క పరుగున వచ్చి వాడి ముఖం వాసన చూసింది, చెవి నాకింది. తర్వాత వాడి ఎడమ అరచేతిలో మూతి పెట్టి అలాగే నిలబడింది.

ఓబులేసు ఆ చేతిని చూసుకున్నాడు. సాధన చేసిన రోజులన్నిట్లోనూ, ఊరూరా ఆడిన ఆటలన్నిట్లోనూ ఆ చెయ్యి అడుగు దిమ్మె మీదే ఉండేది. కాలు ఎత్తబోయే ముందు ప్రతిసారీ చుక్క దాన్ని ఒకసారి చూసుకునేది. నిన్న కూడా చూసింది. కిందికి చూసింది, అటూ ఇటూ చూసింది.

ఎన్ని ఊళ్లు తిరిగారు! ఎర్రటి ఎండల్లో, కాళ్లు పగిలినప్పుడు, కడుపు నిండని రోజుల్లో కూడా ఎక్కింది పిచ్చితల్లి. ఒక్కనాడైనా దాన్ని ఒక మంచి మాట అన్నాడా? ఓబులేసు దాని మెడ కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఫకీరప్ప తనకేమీ పట్టనట్టు దిమ్మెలు మూట కట్టుకున్నాడు.

సాయంత్రం చిలుక ఆట అయింది, పొట్టేలు ఆట అయింది. జనం చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టారు. చివర ఓబులేసును పిలిచారు.

ఆరు దిమ్మెలూ సాఫీగా సాగాయి. ఏడోది పెట్టి, పెద్దల వైపు తిరిగి ఉన్న చుక్కకు ఎదురుగా ఓబులేసు నేల మీద కూర్చున్నాడు. వీపు పెద్దల వైపు, ముఖం చుక్క వైపు, ఎడమ చెయ్యి అడుగు దిమ్మె మీద.

"ఏమయ్యా, ఇటు తిరుగు!" అని కుర్చీల్లోంచి కేక వచ్చింది. వాడు తిరగలేదు.

చుక్క కిందికి చూసింది. చెయ్యి కనబడింది. ఒక కాలు పెట్టింది, రెండోది పెట్టింది, వెనక కాళ్లు కూడా లాక్కుంది. ఏడో దిమ్మె మీద నిలబడి మెడ ఎత్తింది.

జనం అరుపులు ఓబులేసు చెవికెక్కలేదు. కళ్లు మసకబారుతుంటే కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని, "బాగుంది తల్లీ" అన్నాడు. "శానా బాగుంది."

వీపు చూపినందుకు మార్కులు కోశారు. చిలుకకు మొదటి బహుమతి, పొట్టేలుకు రెండోది. ఓబులేసుకు దక్కింది ఒక బంతిపూల దండ. అది తెచ్చి చుక్క మెడలో వేస్తే, అది తల తిప్పి దండను నమలడం మొదలుపెట్టింది.

ఇంతలో తాడు పట్టుకుని సుంకన్న రానే వచ్చాడు. "ఏమప్పా, ఇస్తానంటివే!"

"తప్పయిపోయిందన్నా. మాట తప్పినా. నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు, మేకను మాత్రం ఇయ్యను."

సుంకన్న మొహమాటపడలేదు, కడుపునిండా తిట్టాడు. తిట్టి తిట్టి, పూలు నములుతున్న చుక్కను చూసి నవ్వొచ్చి వెళ్లిపోయాడు.

జనం పలచబడ్డారు. ఫకీరప్ప కర్ర ఊనుకుంటూ మెల్లగా అరుగెక్కి వచ్చాడు.

"ఈ పొద్దు నీ ఆట బాగుందిరా ఓబులేసూ" అన్నాడు.

పదకొండేళ్లు ఎదురుచూసిన మాట. ఓబులేసు చుక్క వీపు నిమురుతూ, "నాదేముంది సామీ? ఎక్కింది అది" అన్నాడు.

"అందుకే" అన్నాడు ఫకీరప్ప.