తాడు వదిలిన దానయ్య

వేదుల మాస్టారిని ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పే అలవాటు లేదు. తొంభై ఏళ్ళ మనిషి, ఇంగ్లీషులో పండిపోయినవారు. అడిగినదానికి సగం చెప్పి చేతికర్ర అందుకుంటారు. మిగతా సగం కావాలంటే వెనకాల నడవాల్సిందే.

ఆ ఉదయం అడిగినవాడు కూర్మనాథం. అరవై నాలుగేళ్ళవాడు. సముద్రం ఒడ్డున రేకుల షెడ్డులో జాలరిపిల్లల కోసం మాస్టారు పెట్టిన బడిని ముప్పై ఏళ్ళు ఒంటిచేత్తో నడిపాడు. పదిరోజుల కిందట మాస్టారు పిలిచి, "ఇక తాళంచెవులు నూకరత్నానికి ఇచ్చెయ్" అన్నారు. నూకరత్నం ఆ బడిలోనే అక్షరాలు దిద్దుకున్న పిల్ల. కూర్మనాథం ఇచ్చేశాడు. ఇచ్చాడు గానీ, ఏ పిల్లకి ఏ పాఠం ఎలా చెబితే ఎక్కుతుందో ముప్పై ఏళ్ళుగా రాసుకున్న నోటుబుక్కులు మాత్రం ఎవరికీ తెలియకుండా కట్టలు కట్టి రిక్షాలో వేసుకుని ఇంటికి పట్టుకుపోయాడు. అవి నాతోనే పోతాయిలే అనుకున్నాడు. అప్పట్నుంచీ అతనికి అన్నం సయించడం లేదు.

"రిటైరవడమంటే అసలు అర్థం ఏమిటండీ మాస్టారూ? పొమ్మనలేక పొగబెట్టడమా?" అని అడిగాడు.

"పాత ఫ్రెంచి మాటరా. వెనక్కి లాగడం అని. సైన్యం యుద్ధంలోంచి వెనక్కి వస్తే ఇంగ్లీషువాళ్ళు ఆ మాట అనేవారు. తర్వాత ఉద్యోగం మానినా అదే మాట, పడకగదిలోకి పోయినా అదే మాట."

"లాగేదెవరండీ?"

మాస్టారు చేతికర్ర అందుకున్నారు.

ఒడ్డున జాలర్లు అలివి వల, అంటే ఒడ్డుమీంచే లాగే పెద్ద వల, లాగుతున్నారు. వల ఇంకా దూరంగా నీళ్ళలోనే ఉంది. దాని తాడు పట్టుకుని పన్నెండుమంది పాట పాడుతూ సముద్రంవైపు మొహాలు పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. అందరికన్నా వెనక్కి వచ్చినవాడు తాడు వదిలి, నీటి అంచుకి నడిచివెళ్ళి, మళ్ళీ అందరికన్నా ముందు పట్టుకోవాలి. వల ఒడ్డెక్కేదాకా అదే తిరుగుడు.

సూరాడ దానయ్య వంతు వచ్చింది. ఆ జాలరిపేటకంతటికీ వయసులో పెద్దవాడు. తాడు వదిలి నీళ్ళకేసి చూశాడు. నలభై అడుగులుంటుందేమో. కాళ్ళు కదల్లేదు.

"నానిక రానర్రా. మీరు లాగండి," అన్నాడు.

ఎవరూ వద్దనలేదు, రమ్మనలేదు. అతని తరవాతివాడు, స్వయానా తమ్ముడి కొడుకే, తాడు వదిలి పక్కనుంచే నడిచివెళ్ళి, దానయ్య పట్టుకోవలసిన చోట పట్టుకున్నాడు. పాట ఆగలేదు, లాగుడు ఆగలేదు. యాభై ఏళ్ళు లాగినవాడికి ఇంతేనా అనుకున్నాడు కూర్మనాథం.

దానయ్య ఇసకలో చతికిలబడ్డాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు. వెనకాల కుప్పగా పడిన తడి తాడుని దగ్గరికి లాక్కుని చుట్ట చుడుతున్నాడు. మధ్యలో ఒకచోట మెలిపడింది. చుట్టినదంతా విప్పి, మెలి తీసి, మళ్ళీ మొదటినుంచీ చుట్టడం మొదలుపెట్టాడు.

"ఏడుస్తున్నాడండీ," అన్నాడు కూర్మనాథం.

"ఏడవడూ మరి," అన్నారు మాస్టారు.

ఎండ ఎక్కుతోంది. దానయ్య చేతుల్లోంచి తాడు వరస తప్పకుండా చుట్టలోకి పోతూనే ఉంది.

"ఇంకా ఆ తాడుతో ఆయనకేం పనండీ?" అని కూర్మనాథం ఉండబట్టలేక అడిగాడు.

"ఆయనకేం పనీ లేదు. రేపు పట్టుకునేవాడికి ఉంది."

మాస్టారు ఇంటివైపు తిరిగారు. నాలుగడుగులు వేసి, వెనక్కి చూడకుండానే అడిగారు.

"మీ ఇంట్లో ఎన్ని కట్టలున్నాయిరా, కూర్మం?"