రేడియో అయ్యగారి చెవుడు

దేవుడు తెలివి పంచుతూ తమ గుమ్మం ముందుకొచ్చి బస్తా మొత్తం దింపేశాడని సుంకన్న నమ్మకం. తమ్ముడు ఓబులేసుదీ అదే నమ్మకం. ఎందుకంటే అన్న చెప్పాడు.

ఆ ఏడు వాళ్ళ వేరుశనగ చేనుకు గొంగళి పురుగు పట్టింది. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఆ చేనే. సుంకన్న గుండెల్లో రాయి పడింది. సరిగ్గా అప్పుడే ఎవరో పుణ్యాత్ములు ఊళ్ళోకొచ్చి, సేద్యం పాఠాలు వినమని పేద రైతులకు రేడియోలు పంచారు. కరెంటు వద్దు, బ్యాటరీ వద్దు, పిడి తిప్పితే చాలు.

తిప్పారు. "రైతు సోదరులారా" అంది రేడియో.

"సోదరులనే పిలిచాడు, నువ్వు బయటికి నడువు" అన్నాడు సుంకన్న పెళ్ళాం రామక్కతో. అదీ నిజమేననుకుని ఆ మహాతల్లి అరుగు మీదికి పోయి కూర్చుంది.

"పొద్దుగూకగానే చేలో దీపం పెట్టి, కింద వెడల్పు పళ్ళెంలో నీళ్ళు పోయండి. గుడ్లు పెట్టే రెక్కల పురుగులు వచ్చి పడతాయి. మరిన్ని సంగతులకు వింటూనే ఉండండి."

"అన్నా, పోయి దీపం పెడదామా?"

"వింటూనే ఉండమన్నాడు కదరా. పెద్దమనిషి మాట తీసేస్తామా?"

ఇంకేముంది, వారమంతా వంతులేసుకుని పిడి తిప్పుతూ విన్నారు. పాటలు విన్నారు, వాతావరణం విన్నారు. అక్కడ పురుగులు సుబ్బరంగా చేను మేశాయి.

చివరికి సుంకన్నకు ఏడుపొచ్చింది. రేడియోకి మొహం ఆనించి, "అయ్యా, సగం చేను పోయింది. మమ్మల్ని లేచి చేలోకి పొమ్మని ఒక్క మాట సెలవియ్యండి" అని బతిమాలాడు. రేడియో కోళ్ళ జబ్బుల గురించి చెప్పుకుంటూ పోయింది.

పక్కింటి మాబుసాబు అది చూసి నవ్వాడు. "నీ మాట ఆయనకు వినబడదు సుంకన్నా."

"అయ్యో, చెవుడా? ముందే చెప్పొద్దూ" అంది రామక్క. అంతే, నువ్వుల నూనెలో వెల్లుల్లి వేసి కాచి, గోరువెచ్చగా పట్టుకొచ్చింది. రేడియో మొహాన ఉన్న చిల్లులు చూసి జాలిపడింది. "ఇన్ని చెవులిచ్చి ఒక్కటీ పనిచెయ్యకుండా చేశాడే దేవుడు" అంటూ ఒక్కో చెవిలో నాలుగు చుక్కలు పోసింది. గిన్నె ఖాళీ అయింది. రేడియో గురగురలాడింది, గొణిగింది, ఆగిపోయింది.

ఓబులేసు పిడి తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు.

సుంకన్న కళ్ళు తుడుచుకున్నాడు. "మందు పనిచేసిందే. ఇన్నాళ్ళూ తనే మాట్లాడాడు. ఇప్పుడు నోరు మూసుకుని మన మాట వింటున్నాడు."

ఇంకేముంది, చేను కష్టం మొదటి దుక్కి నుంచి చెప్పుకోవడం మొదలుపెట్టాడు. మిగతా ఇద్దరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. సుంకన్న కథ ఇంకా విత్తనాల దగ్గరే ఉంది, చేను ముగించుకున్న గొంగళి పురుగులు వరసగా గుమ్మమెక్కి లోపలికొచ్చాయి.

"కాస్త ఆగండి, మీ సంగతికే వస్తున్నా" అన్నాడు వాటితో సుంకన్న, కూర్చోమని చాప చూపిస్తూ.